మూడు వందలని రాసిన బిళ్ళ

భోజనం చేసి వచ్చిన మనిషి నడుం మా అమ్మ కొలవదు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దమనిషైనా సరే, "తిన్నది అరిగాక రండి, ఇప్పుడు కొలిస్తే రేపు ప్యాంటు జారిపోతోందని నన్నే అంటారు" అని మొహం మీదే చెప్పి పంపించేస్తుంది. మాది బట్టలు కుట్టే కొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకి వేలాడే టేపులు. ఇరవై మూడేళ్ళుగా ఆ మాట వింటూ పెరిగిన దాన్ని. అయినా ఆ రాత్రి అది నా బుర్రకి ఎక్కలేదు.

ఫైర్ స్టేషన్లో నా ట్రైనింగుకి అది ఆఖరి నైట్ డ్యూటీ. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా తప్పు లేకుండా గడిపేస్తే ఆఫీసర్ నా రిపోర్టు మీద సంతకం పెడతాడు, నేను పర్మనెంటు అవుతాను. ఆరు నెలల కిందట నేను చేరిన రోజు నాకిచ్చిన కోటు మగవాళ్ళ కొలతది. చేతులు నా వేళ్ళని మింగేసి ఇంకో జానెడు వేలాడాయి. అమ్మ ఒక్క రాత్రిలో దాన్ని విప్పి కుట్టేసింది. అది చూసి మర్నాటి నుంచి స్టేషన్లో సగం మంది తమ ప్యాంట్లు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టడం మొదలెట్టారు. అప్పట్నుంచి నా పేరు టైలరమ్మ. ఒళ్ళు మండేది కానీ, పడి ఉండటం తప్ప ట్రైనీకి వేరే దారి లేదు.

ఆ పేరు పెట్టింది బాబాయి. ఆయన నాకు చుట్టమేమీ కాదు. స్టేషన్లో అందరికీ ఆయన బాబాయే, ఆఖరికి తనకంటే పెద్దవాడైన డ్రైవరుకి కూడా. ముప్పయ్యేళ్ళ సర్వీసు, భారీ మనిషి, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. నిచ్చెన ఎక్కితే ఒక మాట, దిగితే ఒక మాట అనేవాడు నన్ను. పైపు చుట్టలు చుడుతుంటే పక్కనే నిలబడి, "అది జాకెట్టు కాదమ్మా, అంత ముద్దుగా మడతలు పెట్టకు" అనేవాడు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆయనకది తెలుసు, తెలిసే గిల్లేవాడు.

ఆ రాత్రి పదిన్నరకి మొదటి బెల్ మోగింది. ఒక చెప్పుల షాపు కింద గోడౌన్లో పొగ. మంట చిన్నదే కానీ పొగ విపరీతం, నాలుగు గాలి సిలిండర్లు ఖాళీ అయ్యాయి. మొహాలు నల్లగా చేసుకుని అర్ధరాత్రికి తిరిగొచ్చాం. అందరూ కడుక్కోవడానికి వెళ్ళారు. నేను టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికే పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది. మూత పైన చిన్న చిల్లు ఉన్న పాత కెటిల్ అది. దాని ఈల వింటే పక్కింటి కుక్క మొరుగుతుంది. పొయ్యికి రెండడుగుల దూరంలో బాబాయి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. నేను చెవులు మూసుకుని వెళ్ళి పొయ్యి ఆర్పాను. అప్పుడు చూశాడాయన.

"నీళ్ళు కాగాయా? ఇప్పుడే పెట్టానే" అన్నాడు.

నేను ఆయన వంక చూస్తూ ఉండిపోయాను. ఆయనా నా వంక చూశాడు. నాకేదో అర్థమైందని ఆయనకి అర్థమైపోయింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసొచ్చాడు.

"మాటలు వినబడతాయి. బెల్ వినబడుతుంది. నువ్వు లోపల్లోపల గొణుక్కునే తిట్లు కూడా వినబడతాయి" అన్నాడు మెల్లగా. "సన్నటి చప్పుళ్ళే పోయాయి. ముప్పయ్యేళ్ళు సైరన్ పక్కన కూర్చుంటే ఇంకేమవుద్ది?"

"మరి మెడికల్ టెస్టులో?"

"టెస్టు చేసే పిల్ల చప్పుడు బటన్ నొక్కినప్పుడల్లా దాని భుజం కదులుద్ది. భుజం చూసి చెయ్యెత్తుతా." నవ్వబోయి ఊరుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. మేం లోపలికి వెళ్ళేటప్పుడు వీపున కట్టుకునే గాలి సిలిండర్‌కి ఒక ఈల ఉంటుంది. గాలి అడుగంటుతుంటే అది దానంతటదే మొదలవుతుంది, బయటికి వచ్చెయ్యమని. సన్నగా, గీకినట్టు ఉంటుంది ఆ చప్పుడు. అచ్చం కెటిల్ లాగే.

"నీ ఈల నీకు వినబడదా బాబాయ్?"

"రెండేళ్ళయింది."

"ఆఫీసర్ గారికి చెప్పాలి."

"చెబితే రేపట్నుంచి గేటు దగ్గర కుర్చీ వేస్తారు. ఎనిమిది నెలలే తల్లీ. ఇన్నేళ్ళు బండెక్కి, ఆఖర్న గేటు దగ్గర కూర్చుని పోనా?" ఆయన గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "నాకేం కాదు. పక్కన జత మనిషి ఉంటాడు కదా, వాడి చెవులున్నాయి. బయట బోర్డు దగ్గర మీరుంటారు. టైము అరిచి చెబుతారు. బోర్డు దగ్గర ఎవరుంటే వాళ్ళే నా ఈల. ఇప్పుడు నువ్వే కదా ఉంటున్నావ్."

చెప్పనని మాటిచ్చాను. ఎందుకిచ్చానంటే, ఆరు నెలల్లో మొదటిసారి ఆయన నన్ను తల్లీ అన్నాడు. అంతే, ఇంకో కారణం లేదు.

బోర్డంటే ఏమిటో చెప్పాలి. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాని మీద పేరు, సిలిండర్లో గాలి ఎంతుందో అంకె. వెళ్ళేముందు బిళ్ళ తీసి బోర్డు దగ్గరున్న మనిషికి ఇవ్వాలి. ఆ మనిషి లెక్క వేసి ఎన్నింటికి ఈల మోగాలో, ఎన్నింటికి గాలి పూర్తిగా అయిపోతుందో రాయాలి. మా స్టేషన్ లెక్క సులువు. పది పాయింట్లు గాలికి ఒక నిమిషం. నిండు సిలిండరు మూడు వందలు, అంటే ముప్పై నిమిషాలు. ఆఖరి ఐదు నిమిషాలకి ఈల. ఎవరి మీటరు వాళ్ళు చూసి అక్కడికక్కడ బిళ్ళ రాసుకోవాలని రూలు. కానీ బెల్ కొట్టాక ఆ తీరిక ఎవరికుంటుంది? సిలిండర్లు నింపిన ట్రైనీయే బిళ్ళలు కూడా ముందే రాసి పెట్టెయ్యడం మా దగ్గర అలవాటు.

టీ తాగాక నేను షెడ్డులోకి వెళ్ళి నాలుగు సిలిండర్లు నింపడం మొదలెట్టాను. మెల్లగా నింపాలి, ఒక్కోదానికి పది నిమిషాలు. గాలిని తొందరపెట్టి కుక్కితే సిలిండరు వేడెక్కుతుంది, వేడి మీద మీటరు ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక అంకె దిగిపోతుంది. ఇది ట్రైనింగులో రెండో వారం పాఠం. పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నాను కూడా.

మొదటి సిలిండరు సగమయ్యేసరికి బాబాయి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. తన గుట్టు నా చేతిలో పడ్డందుకో ఏమో, మామూలుకంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

"ఇంకా మొదటిదేనా టైలరమ్మా? ఇప్పుడు బెల్ కొడితే ఏం చేద్దాం, నోటితో ఊదుకుందామా?"

"రూలు ప్రకారం నింపుతున్నా."

"రూలు ప్రకారమైతే తెల్లారుద్ది. నా టైములో నాలుగూ పావుగంటలో నింపేవాణ్ణి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాల్వు పూర్తిగా తిప్పేశాను. కంప్రెసర్ గట్టిగా మూలిగింది. పావుగంట కూడా పట్టలేదు, పన్నెండు నిమిషాల్లో నాలుగూ మూడు వందలకి తెచ్చి ఆయన ముందు వరసగా నిలబెట్టాను. ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. "చూడు" అన్నాను. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు. తెలియక చేశానని అనడానికి లేదు. తెలిసే చేశాను. చల్లారాక మళ్ళీ మీటరు చూసి తగ్గింది నింపేద్దాం అనుకున్నాను. అనుకుంటూనే నాలుగు బిళ్ళల మీదా మూడు వందలని రాసేశాను.

అప్పుడే ఆఫీసర్ కేకేశాడు. లోపలికి వెళితే బల్ల మీద నా రిపోర్టు ఉంది. "ఇందులో అన్నీ రాసేశాను. పొద్దున్న సంతకం పెడతాను. ఇంట్లో చెప్పుకో" అన్నాడు. ఆయన నవ్వడం అరుదు. ఆ నవ్వు చూసి నేను గాల్లో తేలుతూ బయటికొచ్చి అమ్మకి మెసేజ్ పెట్టాను, డ్రైవరన్నకి చెప్పాను, ఇంకొకళ్ళెవరైనా దొరుకుతారేమోనని వెతికాను. సిలిండర్లు మాత్రం గుర్తుకు రాలేదు.

రెండూ ఐదుకి బెల్ మోగింది.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. దుప్పట్లు ఆరబెట్టే యంత్రాల్లో పేరుకున్న నూలు దూది అంటుకుంది. మేం వెళ్ళేసరికి ముందు హాలంతా నల్లటి పొగ, లోపల వాచ్‌మన్ ఉన్నాడని బయట ఎవరో అరుస్తున్నారు. వెనక గదిలో బాయిలరు, దాని పక్కన గ్యాసు లైను. ఆ గ్యాసుకి వేడి తగిలితే లాండ్రీతో ఆగదు, పై అంతస్తుల్లో కాపురాలున్నాయి. జనం నైటీల్లోనూ లుంగీల్లోనూ మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తున్నారు.

బాబాయి, పొడుగు జతగా లోపలికి వెళ్ళాలి. పొడుగంటే మాలో అందరికంటే ఎత్తున్న కుర్రాడు, మాటలు తక్కువ. ఇద్దరూ సిలిండర్లు తగిలించుకుని, మాస్కులు బిగించుకుని, బిళ్ళలు నా చేతిలో పెట్టారు. రెండింటి మీదా నా చేతిరాతే. బాబాయి వెళుతూ వెళుతూ వేలితో తన చెవి తట్టి, ఆ వేలు నా వైపు చూపించాడు. నేను తలూపాను.

బోర్డు మీద రాశాను. లోపలికి రెండూ పదిహేడు. ఈల రెండూ నలభై రెండు. గాలి ఆఖరు రెండూ నలభై ఏడు. వాళ్ళు లాక్కెళ్ళిన నీళ్ళ పైపు పాములా కదులుతూ పొగలోకి పోయి కాసేపటికి ఆగింది. తిరిగి రావడానికి వాళ్ళకి ఆ పైపే దారి. హాలు దాటి, యంత్రాల మధ్య సందులోంచి వెనక గదికి ఐదు నిమిషాల నడక, నడకంటే మోకాళ్ళ మీద.

రెండూ ఇరవై తొమ్మిదికి పొడుగు వాచ్‌మన్‌ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. వాచ్‌మన్ దగ్గుతున్నాడు, బతికే ఉన్నాడు. పొడుగు వెనక బాబాయి లేడు.

"గ్యాసు వాల్వు దగ్గరున్నాడు" అని మాస్కు తీసి రొప్పుతూ చెప్పాడు పొడుగు. "తుప్పు పట్టింది. నువ్వు పో, నేను తిప్పి వస్తానన్నాడు."

ఒంటరిగా ఎవరూ లోపల ఉండకూడదు. ఆఫీసర్ నా చేతిలో వాకీటాకీ లాక్కుని బయటికి రమ్మన్నాడు. "తిరుగుతోంది సార్, సగం వచ్చింది. వదిలితే అందరం లేచిపోతాం" అని బాబాయి గొంతు. ఆఫీసర్ నా బోర్డు వంక చూశాడు.

"ఎంతుంది?"

"ఈలకి ఇంకా పదమూడు నిమిషాలు సార్" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది.

"సరే, పొడుగుకి కొత్త సిలిండరు కట్టు. నేనూ వాడూ వెళతాం" అని ఆఫీసర్ వాకీటాకీ నాకిచ్చి, జనాన్ని వెనక్కి తోయించడానికి పోలీసుల వైపు పరిగెత్తాడు.

పొడుగు మోకాళ్ళ మీద కూలబడి నీళ్ళు వాంతి చేసుకుంటున్నాడు. వాడి నెత్తిన నీళ్ళు పోశాను. వాచ్‌మన్‌ని అంబులెన్సు వాళ్ళకి అప్పగించాను. రెండూ ముప్పై రెండుకి వాకీటాకీలో, "బాబాయ్, ఈలకి పది నిమిషాలు" అని చెప్పాను. "ఊఁ" అన్నాడు. బండి వెనక తలుపు తీసి మిగిలిన రెండు సిలిండర్లలో ఒకటి దించుకొచ్చి, అలవాటు కొద్దీ టార్చి వేసి మీటరు చూశాను.

రెండు వందల అరవై.

మీటరు పట్టేసిందేమోనని వేలితో కొట్టాను. ముల్లు కదల్లేదు. బిళ్ళ చూశాను. మూడు వందలు. రెండోదీ దించి చూశాను, అదీ రెండు వందల అరవయ్యే. రెండింటి మీదా అరచెయ్యి వేశాను. చల్లగా ఉన్నాయి.

తిన్నది అరిగాక రండి అని అమ్మ గొంతు నా చెవి పక్కనే వినబడినట్టయింది. నేను భోజనం చేసిన మనిషి నడుం కొలిచాను. ఆ కొలత బిళ్ళ మీద రాశాను. ఆ బిళ్ళ పట్టుకుని ఒక మనిషి మంటల్లోకి వెళ్ళాడు.

పొడుగు వీపు మీద ఇంకా ఉన్న పాత సిలిండరు మీటరు చూశాను. నూట ఎనభై మిగలాలి. నూట నలభై కూడా లేదు. నలభై పాయింట్లంటే నాలుగు నిమిషాలు. ఈల మోగాల్సింది నలభై రెండుకి కాదు, ముప్పై ఎనిమిదికి. గాలి ఆఖరు నలభై మూడుకి. అదీ మామూలు మనిషికి. బాబాయిది భారీ ఒళ్ళు, తుప్పు పట్టిన వాల్వుతో కుస్తీ పడుతున్నాడు. టైము రెండూ ముప్పై ఏడు అయింది.

నిజం చెప్పేస్తాను, ఆ క్షణాన నాకు మొదట వచ్చిన ఆలోచన తప్పు ఒప్పుకోవడం కాదు. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని బయటికి రప్పిస్తే చాలు, బిళ్ళ సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు, పొద్దున్న సంతకం అయిపోతుంది అనుకున్నాను. ఆ ఆలోచనతోనే వాకీటాకీ నొక్కాను.

"బాబాయ్, టైమైపోయింది. వచ్చెయ్."

కాసేపు గరగర. తర్వాత ఆయన మామూలు గొంతు, రొప్పుతూ.

"ఏం టైమే? పది నిమిషాలని నువ్వే కదా అన్నావు, ఐదేగా అయింది. ఇంకో రెండు చుట్లు తిప్పితే..."

ఆయన ఇంకేదో అన్నాడు. నాకు వినబడలేదు. ఆయన మాటల వెనక ఈల వినబడుతోంది. సన్నగా, గీకినట్టు, ఆగకుండా. ఆయన వీపు మీదే మోగుతోంది. ఆయన మాత్రం వంటగదిలో పేపరు చదువుకుంటున్నంత తాపీగా మాట్లాడుతున్నాడు.

ఆఫీసర్ అటు నుంచి పరిగెత్తుకొచ్చాడు. బండిలో ఉన్న వైర్‌లెస్ సెట్టులోనూ ఈల వినబడినట్టుంది. "ఎవరి ఈల అది? బాబాయిదా? ఇంకా టైముంది కదా! వాడికి వినబడట్లేదా?"

అందరూ నా వంకే చూస్తున్నారు. చెప్పనని ఇచ్చిన మాట, సంతకం కావాల్సిన కాగితం, రెండూ ఒకేసారి నన్ను ఆపాయి. ఎంతసేపు ఆగానో బోర్డు మీద రాయలేదు. ఎంతసేపైనా, అది ఆయన గాలిలోంచి తీసుకున్నదే.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చెప్పాను. "బాబాయ్, నీ ఈల మోగుతోంది. ఇక్కడ మాకందరికీ వినబడుతోంది. నేను మూడు వందలని రాసింది తప్పు. వేడి మీద చూసి రాశాను. రెండు వందల అరవయ్యే. నా టైము నమ్మకు. అన్నీ వదిలేసి వచ్చెయ్."

ఆయన బటన్ వదిలేశాడు, దాంతో ఈల వినబడటం ఆగింది. నీళ్ళ పంపు చప్పుడొక్కటే.

తర్వాత ఒకే మాట. "ఎప్పట్నుంచి?"

"తెలీదు బాబాయ్!"

"వస్తున్నా."

ఆఫీసర్ మొహం చూడటం కంటే తిట్లు తినడమే నయం. రెండు సిలిండర్లూ తనూ పొడుగూ తగిలించుకున్నారు. "ఎంత?" అని అరిచాడు. ఈసారి మీటరు మళ్ళీ చూసి, "రెండు వందల అరవై, రెండు వందల అరవై" అని అరిచి రాశాను. వాళ్ళు పైపు పట్టుకుని పొగలోకి దూరిపోయారు.

నేను బోర్డు దగ్గర ఒక్కదాన్నే మిగిలాను. రెండూ ముప్పై తొమ్మిదికి బాబాయి బటన్ నొక్కాడు. మాట లేదు, ఈల, మోకాళ్ళు నేలకి రాసుకుంటున్న చప్పుడు. "పైపు వదలకు బాబాయ్, వాళ్ళు ఎదురొస్తున్నారు, పైపు వదలకు" అంటూనే ఉన్నాను. నలభైకి మళ్ళీ నొక్కాడు. ఈల సన్నబడింది. ఆయన నొక్కేది మాట్లాడటానికి కాదని అప్పుడు తెలిసింది. తన ఈల తను వినలేడు, నేను వింటాను కాబట్టి నాకు వినిపిస్తున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "మోగుతోంది బాబాయ్, ఇంకా మోగుతోంది, గాలుంది, రా" అని చెప్పాను.

నలభై ఒకటికి నొక్కాడు. గరగర, ఊపిరి. అంతే.

ఈల లేదు. వాకీటాకీ చెవికేసి నొక్కుకున్నాను. గాలి అయిపోతే ఈల కూడా ఆగిపోతుంది. మోగుతోందని ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచి, అబద్ధం చెప్పలేక, "దగ్గరికొచ్చేశావు, రా" అన్నాను. దగ్గరికొచ్చాడో లేదో నాకేం తెలుసు! డ్రైవరన్న పంపు దగ్గర్నుంచి నా వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

నలభై రెండు. నేను మొదట రాసిన అంకె ప్రకారం అయితే బాబాయి ఈల ఇప్పుడే మొదలవ్వాలి. బోర్డు మీద నా రాత ఎంత గుండ్రంగా, శుభ్రంగా ఉందో చూస్తే దాన్ని చించి పారెయ్యాలనిపించింది.

నలభై మూడు దాటాక గుమ్మంలో పొగ కదిలింది. ముందు పొడుగు వీపు. తర్వాత ఆఫీసర్. ఇద్దరి మధ్యా పాక్కుంటూ కాదు, ఈడ్చుకురాబడుతూ బాబాయి. ఆయన మాస్కు ఊడదీసి ఉంది, పొడుగు మాస్కు ఆయన మొహానికి ఉంది, పొడుగు దగ్గుతో మెలికలు తిరిగిపోతున్నాడు. యంత్రాల సందు దాటి హాల్లోకి వచ్చేచోట, పైపు మీద బోర్లా పడి దొరికాడట. రెండు చేతులూ పైపు చుట్టూ బిగించి ఉన్నాయట, విడదియ్యడానికి ఆఫీసర్‌కి బలం చాల్లేదట.

ఆయన్ని రోడ్డు మీద పడుకోబెట్టాక నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు తెరిచాడు. నా వంక చూసి పెదాలు కదిపాడు. వంగి విన్నాను.

"ఇంకో చుట్టు మిగిలిపోయింది."

ఆ చుట్టు తర్వాత వచ్చిన పక్క స్టేషన్ వాళ్ళు తిప్పారు.

పొద్దున్న ఎనిమిదికి ఆఫీసర్ బల్ల ముందు నిలబడ్డాను. నా రిపోర్టు ఇంకా అక్కడే ఉంది. జరిగిందంతా నా నోటితో నేనే చెప్పాను, కంప్రెసర్ వాల్వు పూర్తిగా తిప్పిన దగ్గర్నుంచి, వంటగదిలో కెటిల్ దాకా. ఆయన మధ్యలో ఆపకుండా డ్యూటీ పుస్తకంలో రాసుకున్నాడు. చివర్లో ఇంకో వాక్యం తనే రాసి నా వైపు తిప్పి చూపించాడు. బిళ్ళలు ముందే రాయించే అలవాటు ఈ స్టేషన్లో నేను తెచ్చిందే, ఇవాళ్టితో ఆపేస్తున్నాను అని ఉంది.

"ఆ వాకీటాకీలో నువ్వు గట్టిగా చెప్పావు కాబట్టి నిన్ను ఇంటికి పంపట్లేదు" అన్నాడు. "కానీ సంతకం ఇవాళ పెట్టలేను." ట్రైనింగు ఇంకో మూడు నెలలు పొడిగించాడు. పెట్టనందుకు నాకు బాధ కలగలేదంటే అబద్ధం. మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. తర్వాత అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "ఆ మనిషి బతికాడా?" అనడిగింది అమ్మ. బతికాడన్నాను. "అయితే అన్నం తిని పడుకో" అంది.

నాలుగో రోజున ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మంలో ఆయన భార్య ఎదురైంది. "ఇంట్లో కాలింగ్ బెల్ కూడా వినబడదమ్మా ఈయనకి. డాక్టరు దగ్గరికి పోదామంటే నా మీద ఇంతెత్తున లేస్తారు" అని నా చేతులు పట్టుకుంది. బాబాయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వచ్చానని తెలిసీ తిరగలేదు.

"చెప్పనన్నావు" అన్నాడు గోడతో.

"అన్నాను."

"చెప్పేశావు."

"చెప్పేశాను. మళ్ళీ అలా జరిగితే మళ్ళీ చెబుతాను" అన్నాను. నాకూ కోపం వచ్చింది. "సిలిండరు వీపుకి కట్టుకునేముందు మీటరు చూసుకోవాలని నాకు నేర్పింది ఎవరు? నువ్వెందుకు చూసుకోలేదు?"

"నీ చేతిరాత బాగుంటుంది. అందుకని" అన్నాడు. అది తిట్టో మెప్పో నాకిప్పటికీ తేలలేదు.

రెండు నెలలకి తిరిగి డ్యూటీకొచ్చాడు. బండెక్కనివ్వరని, గేటు దగ్గర కుర్చీ వేస్తారని అందరం అనుకున్నాం. ఆఫీసర్ గేటు దగ్గర వెయ్యలేదు, బండిలోనే ముందు సీటు ఇచ్చి, ఒళ్ళో బోర్డు పెట్టాడు. మిగిలిన నెలలు అదే ఆయన పని. మొదటి రోజు ఆ బోర్డుని ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకోమన్నట్టు ఇబ్బందిగా పట్టుకున్నాడు.

ఆ వారమే ఒక రాత్రి రంగుల గోడౌన్ అంటుకుంది. నేనూ పొడుగూ జత. సిలిండర్ తగిలించుకుని, నా మీటరు చూసుకుని, బిళ్ళ మీద అంకె రాసి బాబాయి చేతికిచ్చాను. ఆయన బిళ్ళ తీసుకున్నాడు కానీ చూడలేదు. నన్ను భుజం పట్టి వెనక్కి తిప్పి, చేతి గ్లౌజు పళ్ళతో ఊడబీకి, వట్టి అరచెయ్యి నా సిలిండరు మీద ఆనించాడు. చల్లదనం తెలిసేదాకా అలాగే ఉంచాడు. తర్వాత మీటరు మీద టార్చి వేసి తన కళ్ళతో చూశాడు. అప్పుడు బిళ్ళ చూశాడు. రెండూ ఒకటేనని తేలాక రాసుకున్నాడు.

"ఇరవై నాలుగు నిమిషాలు. అంతే. ఈల కోసం ఆగకు. ఇరవై నాలుగుకి నువ్వు నాకు ఈ గుమ్మంలో కనబడాలి."

"ఈల ఉంది కదా బాబాయ్. నాకు వినబడుతుందిలే" అన్నాను మాస్కు బిగించుకుంటూ.

"వినబడుద్దనే అనుకున్నా నేను కూడా, చాన్నాళ్ళు" అన్నాడు బాబాయి. "పో. నేనిక్కడే ఉంటా."